మూడు జైరోస్కోపులు, ఒక గేదె

కుంచెపాలెంలో గవరమ్మ ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు లేరు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనరు. ఆ ఇంటివాళ్ళే అంటారు. ఎవరో ఒకరు అనాలి కదా మరి.

గవరమ్మకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు పైడయ్య, నడిపివాడు దాలినాయుడు, చిన్నవాడు సింహాద్రి. ముగ్గురూ అంకుడు కర్ర చెక్కి, లక్క రంగులు పట్టించి బొంగరాలు చేస్తారు. చేతిపని మాత్రం నిజంగా బంగారమే. వాళ్ళు చేసిన బొంగరాన్ని తిప్పి వదిలితే, తిప్పినవాడు వెళ్ళి చల్దన్నం తినొచ్చేసరికి ఇంకా తిరుగుతూనే ఉండేది. చేతుల్లో ఇంత పనితనం ఉంటే తలలో ఇంకెంత ఉండాలి అని వాళ్ళ ధీమా.

"ఎవరైనా ఒక మాట చెబితే చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. అందులో మన ముక్క కలిపితే అది తెలివితక్కువ పని" అని గవరమ్మ కొడుకులకి చిన్నప్పటినుంచీ నూరిపోసింది.

అలా చెప్పింది చెప్పినట్టు చేసినందుకే వాళ్ళ గేదె పోయింది.

తొమ్మిది రోజుల కిందట గవరమ్మ చిన్నకొడుకుని పిలిచి, "ఒరే సింహాద్రీ, సింగారిని మేతకి వదిలి రా" అంది. సింహాద్రి వెళ్ళి వదిలి వచ్చాడు. అంతే. సాయంత్రం గవరమ్మ చెంబు పట్టుకుని పాకలోకి వెళితే గుంజ ఉంది, కుడితి ఉంది, గేదె లేదు.

"గేదేదిరా?"

"వదిలొచ్చానమ్మా."

"మళ్ళీ తోలుకురాలేదా?"

"నువ్వు వదిలి రమ్మన్నావు. తోలుకు రమ్మనేదానివైతే అసలు వదిలేవాణ్ణే కాదు."

గవరమ్మ చాలాసేపు ఆలోచించింది. కొడుకు మాటలో తప్పెక్కడా కనబడలేదు. "నా కొడుకువనిపించావు" అని వీపు తట్టి, ఆ తరవాత గుంజ పక్కన కూలబడి భోరుమంది.

సింగారి అంటే ఆమెకి ప్రాణం. ఎడమ కొమ్ము సగం విరిగి, నుదుటి మీద తెల్లమచ్చతో, చూడ్డానికి ఏమంత అందగత్తె కాదు. కానీ గవరమ్మ పేరు పెట్టి పిలిస్తే ఏ మూల ఉన్నా ఒక్క అరుపు అరిచేది. "నా సింగారి దొరికేదాకా పెరుగు ముట్టను" అని గవరమ్మ ఒట్టు పెట్టుకుంది. తల్లి ముట్టని పెరుగు కొడుకులు మాత్రం ఎలా ముడతారు? తొమ్మిది రోజులుగా ఆ ఇంట్లో ఎవరికీ అన్నం గొంతు దిగడం లేదు. తోటలూ దొడ్లూ అన్నీ వెతికారు. గేదె జాడ లేదు.

సరిగ్గా అప్పుడే ఇమ్మానియేలు, సైకిలు బస్సు ఆగేచోట వదిలి, నడుచుకుంటూ వచ్చాడు.

ఊరికి దక్షిణంగా నాలుగు మైళ్ళ దూరంలో, సముద్రం పక్కన, విమానం నడపడం నేర్పే బడి ఒకటి ఉంది. బడికి ఉన్నది ఒక్కటే విమానం, అదీ చిన్నది. ఇమ్మానియేలు దానికి మెకానిక్. అతని చేతిలో మూడు అట్టపెట్టెలున్నాయి.

"గవరమ్మ గారూ, పెద్ద చిక్కొచ్చి పడింది. విమానంలో బిగించే జైరోస్కోపు సామాన్లు మూడు పట్నంలో బాగుచేయించుకుంటే, బస్సువాడు మీ ఊళ్ళో దింపి పోయాడు. మా జీపు చెడింది. సైకిలు మీద పెడితే ఈ గోతుల రోడ్డుకి కుదుపు తిని పాడైపోతాయి. ఒక్కోదాన్ని ఒక్కో మనిషి చేతుల్లో పట్టుకుని నడిచి రావాలి. రేపు మధ్యాహ్నం విమానం తనిఖీకి ఆఫీసరు గారు వస్తారు. ఆయన వచ్చేసరికి ఇవి విమానంలో లేకపోతే విమానం ఎగరడానికి ఒప్పుకోరు. మీవాళ్ళవి నాజూకు చేతులని మీ దగ్గరికొచ్చాను."

గవరమ్మ కన్నీళ్ళు తుడుచుకుని అడిగింది. "బాబూ, విమానంలోంచి చూస్తే గేదె కనబడుతుందా?"

"గేదేం ఖర్మ, కోడిపిల్ల కూడా కనబడుతుంది."

"అయితే నన్నెక్కిస్తావా? నా సింగారిని వెతుక్కోవాలి."

ఇమ్మానియేలు తన ఫోనులో పైలట్ గారైన కెప్టెన్ హైమావతికి చెప్పాడు. ఆమె నవ్వి, "ఆఫీసరు గారొచ్చేలోగా మూడూ క్షేమంగా వస్తే మామ్మగారిని ఒక చుట్టు తిప్పుతాను. రాకపోతే నేనే ఎగరలేను, ఆమెనేం తిప్పుతాను?" అంది.

ఇంకేముంది! గవరమ్మ కొంగు బిగించింది. "ఏటేటి చెయ్యాలో చెప్పు బాబూ. చెప్పింది చెప్పినట్టు చేస్తాం."

ఆ మాట వినగానే ఊళ్ళోవాళ్ళెవరైనా అయితే పెట్టెలు తీసుకుని పరుగెత్తేవాళ్ళు. ఇమ్మానియేలుది పక్క ఊరు. పాపం, సంతోషించాడు.

అరుగు మీదున్న ఒక బొంగరం తీసి తిప్పాడు. వేలితో దాన్ని కాస్త నెట్టాడు. అది ఊగి మళ్ళీ నిలబడింది.

"చూశారా? తిరుగుతున్నంతసేపూ నిలబడుతుంది, ఆగితే పడిపోతుంది. ఇవీ అంతే. లోపల బరువైన చిన్న చక్రం నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. ఆ చక్రాన్ని వలయాల్లో వేలాడదీస్తారు. బయట పెట్టె ఎటు వంగినా చక్రం తన పట్టు వదలదు. తిరగడంలోనే ఉంది దీని తెలివంతా."

మొదటి పెట్టె తెరిచి పైడయ్య చేతిలో పెట్టాడు. ప్లాస్టిక్ కవరులోంచి కనబడుతూ గుండ్రటి అద్దం, లోపల సగం నీలం, సగం మట్టిరంగు. "నీలం ఆకాశం, మట్టిరంగు నేల. మబ్బుల్లోకి పోతే పైలట్‌కి నేలెటో ఆకాశమెటో తెలీదు. విమానం ఎంత వాలిందో, ముక్కు పైకెత్తిందో కిందికి దించిందో ఇదే చెబుతుంది. బయట ఏం కనబడినా సరే, నిజం ఇందులో ఉంటుంది. పసిబిడ్డలా చూసుకో."

రెండోది దాలినాయుడికి. "ఇది దిక్కు చెబుతుంది. ఉత్తరానికి పెడితే విమానం ఎటు తిరిగినా ఇది ఉత్తరాన్ని వదలదు. కాకపోతే మెల్లమెల్లగా పక్కకి జారుతుంది. పావుగంటకోసారి సరిచెయ్యాలి."

మూడోది సింహాద్రికి. "ఇందులో చక్రానికి స్ప్రింగు ఉంటుంది. విమానం మలుపు తిరిగితే చక్రం ఒరుగుతుంది, ఎంత జోరుగా తిరిగితే అంత ఒరుగుతుంది. పద్ధతైన మలుపు అంటే రెండు నిమిషాలకి ఒక పూర్తి చుట్టు. అంతకన్నా జోరు పనికిరాదు. రేపు పొద్దున్నే బయలుదేరండి" అని చెప్పి ఇమ్మానియేలు వెళ్ళిపోయాడు.

అతను సందు మలుపు తిరగ్గానే సింహాద్రికి భయం పట్టుకుంది. "అమా, తిరగడంలోనే దీని తెలివంతా అన్నాడు. ఇదేమో తిరగడం లేదు. తెల్లారేసరికి తెలివి పోదూ?"

"పోతుందిరా!" అన్నాడు పైడయ్య.

ముగ్గురూ అద్దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. దాలినాయుడు నాలిక చప్పరించాడు. "కింద ములికి కూడా కొట్టలేదు. ములికి లేని బొంగరం ఎలా తిరుగుతుంది? పట్నంవాళ్ళకి ఏటి తెలుసు! సుత్తి ఇలా తే."

సింహాద్రి సుత్తీ మేకూ తెచ్చాడు. పైడయ్య పెట్టెకి బొంగరం తాడు కూడా చుట్టేశాడు. గవరమ్మ గబగబా వచ్చి మేకు లాక్కుంది. "పసిబిడ్డలా చూడమన్నాడు. పసిబిడ్డకి మేకు కొడతార్రా, బండ వెధవల్లారా!"

నిజమే కదా అని ముగ్గురూ సిగ్గుపడ్డారు. అటక మీంచి ఉయ్యాల దించారు. మూడింటికీ ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉంచి, పాత చీరలు చుట్టి, ఉయ్యాల్లో పడుకోబెట్టారు. గవరమ్మ కాటుక భరిణె తీసి పైడయ్య చేతికిచ్చినదాని అద్దం మీద కవరు పైనే ఒక దిష్టిచుక్క పెట్టింది.

"మరి తిరగడం?" అన్నాడు సింహాద్రి.

పైడయ్య గడ్డం గోక్కున్నాడు. "అది తిరగలేకపోతే దాని చుట్టూ మనం తిరుగుదాం. లోపలున్నదానికి తేడా ఏటి తెలుస్తుంది?"

"ఎంత తెలివిరా అన్నయ్యా నీది!"

అంతే. ముగ్గురూ ఉయ్యాల చుట్టూ గిరగిర తిరగడం మొదలెట్టారు. గవరమ్మ పక్కన కూర్చుని జోల పాడింది. తిరిగి తిరిగి పైడయ్య ఆగాడు. ఆగి దబ్బున పడ్డాడు. అతని మీద దాలినాయుడు, దాలినాయుడి మీద సింహాద్రి.

కిందున్న పైడయ్య సంతోషంగా అరిచాడు. "చూశావా అమ్మా! తిరిగినంతసేపూ నిలబడ్డాం. ఆగగానే పడ్డాం. మెకానిక్ బాబు చెప్పింది అక్షరాలా నిజం!"

తెల్లారింది. ఆకాశం నిండా నల్లటి మబ్బు. వడియాలు పెట్టుకుందామని గవరమ్మ మినప్పిండి రుబ్బి ఉంచింది. బయటికి చూసి ఆగిపోయింది.

"పెద్దోడా, వానొచ్చేలా ఉందిరా."

పైడయ్య ఉయ్యాల్లోకి తొంగి చూశాడు. "లేదమ్మా. ఆకాశం శుభ్రంగా నీలంగా ఉంది. బయట ఏం కనబడినా నిజం ఇందులోనే ఉంటుందన్నాడు కదా."

గవరమ్మ తలూపి డాబా ఎక్కి చీర నిండా వడియాలు పెట్టింది. చివరి వడియం పెడుతుండగా కుండపోతగా వాన. వడియాలన్నీ ముద్దయి, తూము గుండా జారి, పక్కింటి రామలక్ష్మి నెత్తిన పడ్డాయి.

"ఏటిది గవరమ్మా, వానలో వడియాలా?" అని రామలక్ష్మి కేకేసింది.

"వాన కాదు! లోపలికొచ్చి చూడు, ఆకాశం నీలంగా ఉంది!" అని గవరమ్మ తడిసి ముద్దయి డాబా మీంచి జవాబిచ్చింది.

కాసేపటికి వాన వెలిసింది. నలుగురూ బయలుదేరారు. గుమ్మం దాటగానే చిక్కొచ్చింది. విమానాల బడి ఉన్నది దక్షిణాన. దాలినాయుడి చేతిలోది ఉత్తరాన్ని వదలకూడదు.

"ఇందులో చిక్కేటుంది?" అన్నాడు దాలినాయుడు. ఊరికి ఉత్తరానున్న కొండకేసి తిరిగి, పెట్టె గుండెకి ఆనించుకుని, వెనక్కి నడవడం మొదలెట్టాడు.

"పావుగంటకోసారి సరిచెయ్యాలి కదా. పావుగంటంటే ఎంతమ్మా?" అని అడిగాడు పైడయ్య.

"అన్నం ఉడికినంతసేపు."

అందుకని గవరమ్మ బియ్యం మూట, అన్నం గిన్నె, కిరసనాయిలు స్టవ్వు కూడా బుట్టలో పెట్టి నెత్తికెత్తుకుంది. కాస్త నడవడం, రోడ్డు పక్కన స్టవ్వు వెలిగించడం, అన్నం ఉడకగానే "సరిచెయ్యండ్రా!" అనడం. పైడయ్య వెళ్ళి దాలినాయుడి గడ్డం పట్టుకుని కొండకేసి సరిగ్గా తిప్పేవాడు. తరవాత గిన్నె ఖాళీ చేసి, కడిగి, మళ్ళీ కాస్త నడవడం. ఉడికిన అన్నం తిందామంటే పెరుగు లేదాయె, ఎవరికి సయిస్తుంది? రోడ్డు పక్కన అడ్డాకు విస్తట్లో కుప్పపోసి పోయేవాళ్ళు.

ఇక సింహాద్రి. రోడ్డుకి మలుపు వచ్చిన ప్రతిచోటా ఆగి, పెట్టె చేత పట్టుకుని, ఒక్కొక్క అడుగే వేస్తూ, తన చుట్టూ తాను ఒక పూర్తి చుట్టు తిరిగేవాడు. రెండు నిమిషాలు తెలియడానికి నూట ఇరవై దాకా లెక్కపెట్టాలి. అతనికి నలభై దాటి లెక్క రాదు కాబట్టి నలభై దాకానే మూడుసార్లు లెక్కపెట్టేవాడు. ఎన్నిసార్లయిందో మరిచిపోతే మళ్ళీ మొదటినుంచి. ఆ రోడ్డుకి మలుపులు పదకొండు.

ఎదురొచ్చిన ఆటో అతను ఆపి చూశాడు. ఒకడు వెనక్కి నడుస్తున్నాడు, ఒకడు నడిరోడ్డు మీద మెల్లగా తిరుగుతున్నాడు, ఒకడు చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఏదో ఎత్తుకుని ఊపుతున్నాడు, ఒక ముసలమ్మ వంట చేస్తోంది.

"మామ్మా, ఏం జరిగింది వీళ్ళకి?"

"విమానం తోలుతున్నారు బాబూ, అడ్డు తప్పుకో" అంది గవరమ్మ. ఆటో అతను బండి పక్కకి తీసి దారిచ్చాడు.

ఏడో గిన్నె చేతిలో ఉండగా బడి గేటు కనబడింది. మధ్యాహ్నం దాటిపోయింది. అప్పుడే ఆఫీసరు గారి కారు కూడా వచ్చి ఆగింది. ఆయన దిగడం, వెనక్కి నడుస్తూ వచ్చిన దాలినాయుడు ఆయన్ని ఢీకొట్టడం ఒక్కసారే జరిగాయి.

"కళ్ళు కనబడవా? ముందు చూసుకుని నడువు!" అని ఆఫీసరు గారు మండిపడ్డారు.

"ముందే చూస్తున్నాను బాబూ. కొండ బాగానే కనబడుతోంది."

ఇమ్మానియేలు లోపల్నుంచి పరుగెత్తుకొచ్చాడు. ఆఫీసరు వచ్చేశాడు, సామాన్లు ఇంకా వీళ్ళ చేతుల్లోనే ఉన్నాయి. ఈలోగా ఆఫీసరు గారి ముక్కుపుటాలు అదిరాయి. ఆయన పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. గవరమ్మ చేతిలోని గిన్నెలోంచి వేడి అన్నం ఆవిరి వస్తోంది.

"ఇదేమిటమ్మా?" అన్నారాయన మెత్తగా.

"పావుగంట బాబూ" అంది గవరమ్మ.

ఆయనకి అర్థం కాలేదు గానీ, అక్కడికొచ్చిన హైమావతికి ఆయన ఆకలి అర్థమైంది. చటుక్కున తన డబ్బాలోని ఆవకాయ తెచ్చి, ఆకు వేసి, "ముందు భోంచెయ్యండి సార్, తరవాత తనిఖీ" అంది. ఆఫీసరు గారు ఆవకాయ కలుపుకుని నిమ్మళంగా తిన్నారు. ఒక కునుకు కూడా తీశారు. ఆ లోపల ఇమ్మానియేలు ప్లాస్టిక్ కవర్లు చింపి, మూడింటినీ బిగించి, ఇంజను నడిపి చూశాడు. లోపల చక్రాలు జుయ్‌మని తిరిగాయి. ఆశ్చర్యమే గాని, ఒక్కదానికీ దెబ్బ లేదు. ఆఫీసరు గారు లేచి అన్నీ చూసి, సంతకం పెట్టి వెళ్ళిపోయారు.

హైమావతి మాట నిలబెట్టుకుంది. గవరమ్మని పక్కసీట్లో కూర్చోబెట్టి బెల్టు కట్టింది. ఆమె తలుపు సరిచూసుకుంటున్నంతలో గవరమ్మ ఎదురుగా ఉన్న నీలం, మట్టిరంగు అద్దం చూసింది. కవరుతో పాటు దిష్టిచుక్క కూడా పోయిందే! పాపం, ఇంతమంది కళ్ళు పడ్డాయి. వెంటనే భరిణె తీసి, అద్దం మీద, రెండు రంగులూ కలిసే గీతకి కాస్త కిందగా, ఎడమవైపు, బొటనవేలంత నల్లచుక్క పెట్టింది.

విమానం లేచింది. ముక్కు పైకెత్తగానే అద్దం లోపల నీలం కిందికి దిగి, నల్లచుక్క నీలం మీద ఉన్నట్టు కనబడింది. కాసేపటికి ఒక మబ్బుతునకలోకి దూరారు. చుట్టూ తెలుపు తప్ప ఏమీ లేదు.

"భయపడకండి మామ్మగారూ. ఇక్కడ కళ్ళని నమ్మకూడదు. పక్కకి ఒరిగిపోతున్నా తిన్నగా పోతున్నట్టే ఉంటుంది. కళ్ళని నమ్మి పడిపోయినవాళ్ళున్నారు. నమ్మాల్సింది దీన్నే" అని హైమావతి ఆ అద్దం చూపించింది.

గవరమ్మ ఆ మాట కొంగున ముడేసుకుంది.

మబ్బు దాటి కిందికి దిగారు. కింద రోడ్డు, రోడ్డు పక్కన తెల్లటి చుక్కల్లా అన్నం కుప్పలు. పోసిన ఆరింటిలో అప్పటికి రెండే మిగిలాయి. ఒక గేదె మొగలిపొదల్లోంచి వచ్చి, కుప్ప తరవాత కుప్ప తింటూ బడికేసి నడుస్తోంది.

"మామ్మగారూ! అదిగో గేదె! మీరు చెప్పినట్టే ఎడమ కొమ్ము సగమే ఉంది. నుదుటి మీద మచ్చ కూడా! మీదేనా?"

గవరమ్మ చూసింది. సింగారే! ఆ నడక, ఆ తోక! "నా తల్లీ" అని నోటిదాకా వచ్చింది. వెంటనే నాలిక కరుచుకుంది.

"కళ్ళని నమ్మొద్దన్నావు కదమ్మా" అని అద్దంలోకి చూసింది. విమానం తిన్నగా సర్దుకుంది. మట్టిరంగు నేల, నేల మీద ఎడమవైపు, నల్లగా ఒక్కటే చుక్క.

"అదిగో నా సింగారి!" అని గవరమ్మ కేకపెట్టింది. "ఇందాక మనం పైకెక్కేటప్పుడు ఆకాశంలో ఉంది. భయపడిందేమో, ఇప్పుడు నేల మీదికి దిగింది! నేలా ఆకాశం కలిసేచోట, కాస్త ఇవతల, నిలబడి మనకేసే చూస్తోంది!"

హైమావతి ఎంత చెప్పినా వినలేదు. ఆమె మాటని ఆమెకే అప్పజెప్పింది. ఇక చేసేదేముంది, విమానం దించేసింది.

గవరమ్మ దిగేసరికి ఆ గేదె కూడా గేటు దాటి వచ్చేసింది. మూతికి మెతుకులంటుకుని ఉన్నాయి. తిన్నగా వచ్చి గవరమ్మ భుజానికి తల రుద్దింది.

"అమా, అచ్చం మన సింగారిలాగే ఉంది!" అన్నాడు సింహాద్రి.

"కళ్ళని నమ్మకురా."

సింహాద్రి కళ్ళు మూసుకున్నాడు. గేదె అతని మొహం నాకింది. "నాకడం కూడా అచ్చం అలాగే ఉందమ్మా."

ఇమ్మానియేలు తల పట్టుకున్నాడు. "గవరమ్మ గారూ, పేరు పెట్టి పిలిచి చూడండి. పలుకుతుందో లేదో!"

"సింగారీ!" అని పిలిచింది గవరమ్మ. గేదె గట్టిగా అరిచింది.

"చూశావా బాబూ, ఎవరి పేరు పిలిచినా పలుకుతోంది" అని గవరమ్మ జాలిపడింది. "ఎవరింట్లోంచి తప్పిపోయిందో. ఆ ఇంటావిడ పెరుగు మానేసి ఎంత ఏడుస్తోందో, తెలివితక్కువ మనిషి. గేదెని ఇలా వదిలేస్తారా?"

"దీన్నీ తోడు తీసుకుపోదామమ్మా. గేదె ఎక్కడుంటుందో గేదెకి తెలిసినట్టు మనకేం తెలుస్తుంది?" అన్నాడు పైడయ్య. ఆ మాటకి తల్లి మురిసిపోయి అతని తల నిమిరింది.

ఇంకేముంది, నేలా ఆకాశం కలిసేచోటు వెతుక్కుంటూ బయలుదేరారు. ముందు పైడయ్య. వెనక దాలినాయుడు, ఇక చాలని ఎవరూ చెప్పలేదు కాబట్టి, కొండకేసి చూస్తూ వెనక్కి నడుస్తున్నాడు. మలుపు దగ్గర సింహాద్రి నలభై లెక్కపెడుతూ తిరుగుతున్నాడు. అందరి వెనకా గవరమ్మ, గవరమ్మ కొంగు పట్టుకున్నట్టు గేదె.

గవరమ్మ ఆగి గేదె మెడ నిమిరింది. "మా సింగారి కనబడగానే ఒక్క అరుపు అరువు తల్లీ" అంది.

గేదె వెంటనే అరిచింది.

"ఇప్పుడే కాదే," అంది గవరమ్మ, "కనబడ్డాక."